వేలంపురై దడి కంత

వేలంపురైలో అన్నం లేకపోయినా పడుకునేవాళ్ళు గానీ, దడి బెత్తెడు జరిగితే మాత్రం ఎవరికీ కంటి మీద కునుకుండేది కాదు. పచ్చి కొమ్మలు వరసగా పాతి, వాటికి తాటాకులు కట్టి, తల కూడా కనపడనంత ఎత్తున దడి లేపేవాళ్ళు. తాటాకు ఏడాది తిరిగేసరికి చివికిపోతుంది కాబట్టి, ఏటా సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో విప్పి మళ్ళీ కట్టాలి. కట్టేటప్పుడు చెయ్యి ఊరుకుంటుందా? పక్కవాడి వైపు నాలుగు వేళ్ళ మేర జరుపుతుంది. పక్కవాడు తెల్లారి లేచి చూస్తాడు. ఆ పూట ఆ రెండిళ్ళలో పొయ్యి రాజదు, నోళ్ళు రాజుతాయి. ఆ నాలుగు వేళ్ళ కోసం కోర్టుకెక్కి, ఒకరి చావుకు ఒకరు వెళ్ళని అన్నదమ్ములున్న వూరు అది.

అలాంటి వూళ్ళో యోగమలర్ వాళ్ళ దడికి కంత ఉండేది. దొంగచాటు కంత కాదు. రెండిళ్ళ వాళ్ళూ అనుకుని మరీ, కొత్త దడి కట్టినప్పుడల్లా మనిషి వంగి దూరేంత మేర వదిలేసేవాళ్ళు. దడికి తూర్పున తంగరత్తినం ఇల్లు, పడమర మలర్ వాళ్ళది. దడి మీదే నుయ్యి, సగం వాళ్ళకు, సగం వీళ్ళకు. నూతి పక్కనే కంత. పొయ్యిలోకి నిప్పు, గిన్నెడు పిట్టు, చేపల పులుసు, ఊరి మీద చాడీలు, అన్నీ ఆ కంతలోంచే అటూ ఇటూ నడిచేవి. మాటలొచ్చిన నాటి నుంచీ మలర్ తంగరత్తినాన్ని మామీ అనే పిలిచేది. అక్కడ అత్తకైనా అత్తగారికైనా అదే పిలుపు. కాబట్టి తంగరత్తినం కొడుకు శివపాతానికి మలర్ని అనుకున్నప్పుడు, పిలుపు మార్చుకునే పని కూడా పడలేదు.

శివపాతం పొగాకు, ఉల్లి పండించేవాడు. మాటకారి. నీళ్ళు తోడుతూ తోడుతూ ఏదో ఒకటి అనేవాడు, ఇవతల మలర్ నవ్వాపుకోలేక చేద వదిలేసేది. పెళ్ళి కుదిరాక కూడా ఇద్దరూ ఆ నూతి దగ్గరే, ఆ కంత దగ్గరే. చూసిన పెద్దవాళ్ళు చూడనట్టే వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ ఏడు జూన్ నడుమ మొదలయ్యే ఆని నెలలో ముహూర్తం. పెళ్ళికి ముందు తాళి బంగారం కరిగించే వేడుక ఒకటుంటుంది. అదే రోజు రెండిళ్ళలోనూ ఈశాన్య మూల పెళ్ళిరాట నాటుతారు. ఎండు గుంజ కాదు, ముళ్ళమురుక్కు కొమ్మ. మన బాడిద చెట్టే. కొమ్మ పాతితే చాలు, వేళ్ళు పోసుకుంటుంది. రాట చిగిరిస్తే ఆ ఇంటి మనిషికి ఆయుష్షు గట్టిదని ఆ వూరి ఆడవాళ్ళ నమ్మకం. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. బంగారం కరిగాక, తాళి కట్టేదాకా పిల్లా పిల్లవాడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదు. వేరే వేరే వూళ్ళవాళ్ళయితే ఏ ఇబ్బందీ లేదు. వీళ్ళిద్దరి మధ్యా దడి, అందులో కంత. అందుకని ఆ సాయంత్రమే మలర్ వాళ్ళమ్మ, తంగరత్తినం ఇద్దరూ కలిసి పకపకా నవ్వుకుంటూ కంతను తాటాకులతో కుట్టేశారు.

"ఇన్నేళ్ళకు వేలంపురైలో మన దడి కూడా దడి అనిపించుకుంది వదినా," అంది తంగరత్తినం.

ఎక్కడో జరుగుతోందనుకున్న యుద్ధం ఊరి మీదికొచ్చి పడింది, మూడోనాడు పొద్దున్నే విమానాలొచ్చాయి. వెంటనే ఫిరంగులు. ఊరు ఊరంతా దక్షిణం వైపు పరుగు. మలర్ వాళ్ళమ్మ మూటలు కడుతోంది. మలర్ నూతి దగ్గర బిందె ముంచుతోంది. అప్పుడు దడి అవతల నుంచి శివపాతం గొంతు వినిపించింది.

"మలర్, ఉన్నావా?"

"ఉన్నాను."

"మీరు మా అమ్మను తీసుకుని ముందు పదండి. ఆవు ఈనేట్టుంది. దాన్నిలా వదిలేసి ఎలా రాను? అది తేలితే నేనూ వస్తాను."

"త్వరగా రండి."

 తాటాకు గలగలమంది. వేళ్ళు పెట్టి కుట్టు తడుముతున్నాడు.

"కంత తీయనా?" అన్నాడు.

మలర్‌కి తీయమనాలనే ఉంది. అయినా చూడకూడదు కదా. చూస్తే అతనికే కీడని అమ్మ ఎన్నిసార్లు చెప్పింది. "వద్దండి. ఎన్నో రోజులు లేవుగా, ఓపిక పట్టండి," అంది. అని, తల తిప్పుకుని బిందెత్తుకుంది. దడి సందుల్లోంచి తెల్లచొక్కా ముక్క కనపడింది. అంతే.

శివపాతం రాలేదు. ఆవుతో కలిసి దారిలో కనపడ్డాడన్నవాళ్ళూ ఉన్నారు, లేదన్నవాళ్ళూ ఉన్నారు. ఊరి చుట్టూ సైన్యం ముళ్ళతీగ వేసింది. ఆ తీగ పాతికేళ్ళ పైన అలాగే ఉంది.

మలర్ జీవితమంతా ఆ తర్వాత, ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళ శిబిరంలోనే గడిచింది. రేకుల పాక, వీధి కుళాయి, వర్షమొస్తే గుమ్మంలోకి వచ్చే బురద. ఉల్లి చేలల్లో కూలికి వెళ్ళింది. తాటాకు బుట్టలల్లింది. అమ్మను అక్కడే కాటికి సాగనంపింది. ముగ్గురు నలుగురు సంబంధాలు తెచ్చారు. ఆమె అందరికీ టీ ఇచ్చి, టీతో కొరుక్కునే బెల్లం ముక్క చేతిలో పెట్టి, మంచిగానే పంపించేసింది. తంగరత్తినం కొంతకాలం ఆ శిబిరంలోనే ఉండి, తర్వాత దక్షిణాన వవునియా పట్నంలో కూతురి దగ్గరికి చేరింది. చూపు మందగించింది. కొడుకు ఫోటోకు మాత్రం దండ వేయనివ్వలేదు. ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే, "వాడు ఆవును ఈనించడానికి ఆగాడు. ఇంకా రాలేదు, అంతే," అనేది. ఆ మాట వింటే మలర్‌కి గుండెలో పోటు. మళ్ళీ ఆ మాటే వినాలని బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్ళేది.

మలర్‌కి ఒక పిచ్చి ఉండేది. శిబిరంలో పాకల చుట్టూ దడి కట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. అందరూ ఆమెనే పిలిచేవాళ్ళు. కట్టినంతసేపూ బాగానే కట్టి, చివర్లో పక్కింటి వైపు కొంచెం మేర వదిలేసేది.

"ఏమ్మా మలరక్కా, కూలి మొత్తం తీసుకుని దడి ముక్కాలే కడతావా?" అని దెప్పేవాళ్ళు.

"కావాలంటే మీరే కుట్టుకోండి. నా చేత్తో నేను మూయను," అనేది. ఆ ఒక్క విషయంలో ఆమెది ఉడుంపట్టు.

ఇంతలో ఒక ఏడు, శివరాత్రి వచ్చే మాసి నెలలో వేలంపురైలో సగం వదులుతున్నారని కబురొచ్చింది. సగమే. మిగతా సగం ముళ్ళతీగ లోపలే. శిబిరం శిబిరమంతా బస్సుల్లో వెళ్ళి దిగింది. దిగి, నోళ్ళు తెరుచుకుని నిలబడింది. ఊరు లేదు. ఇళ్ళు లేవు, సందులు లేవు, దడులు లేవు. బుల్‌డోజర్ తోలి అంతా చదును చేశారు. ఆ చదును మీద పొదలు పెరిగాయి. పాత సందులను పట్టించుకోకుండా ఏటవాలుగా పెద్ద తారు రోడ్డొకటి వేశారు. తమ ఇల్లు ఎక్కడుండేదో చెప్పగలిగినవాడు అక్కడ ఒక్కడు లేడు. కొందరు కనపడిన రాయినల్లా కౌగిలించుకుని ఏడ్చారు. ఆ రాయి ఎవరిదో ఏడ్చేవాళ్ళకే తెలియదు.

ప్రభుత్వం ఇళ్ళు కట్టి ఇస్తుందట. కానీ ముందు ఊరికి పటం గీయాలి. ఎవరి నేల ఎంత మేరో తేలాలి. తేలిన నేల వదిలిన భాగంలో ఉంటేనే ఇల్లు. ఈ పని మీద కుగదాసన్ అనే సర్వేయరు వచ్చాడు. సన్నగా, ఎండకు నల్లబడిన మనిషి, మూడు కాళ్ళ యంత్రం ఒకటి వెంటేసుకుని తిరిగేవాడు. దస్తావేజుల్లో తూర్పు ఫలానావారి నేల, పడమర ఫలానావారి నేల అని ఉంటుందే తప్ప కొలిచిన పటాలు లేవు. ఒకరి హద్దు ఇంకొకరి భుజం పట్టుకుని నిలబడ్డదే. అందరూ ఒక్కసారిగా పడిపోతే ఎవరిని ఎవరు లేపాలి? అందుకని అతను ఒక పద్ధతి పెట్టాడు. హద్దుకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఇద్దరూ వచ్చి నేల మీద నిలబడి, ఇదిగో ఇక్కడ అని ఇద్దరూ ఒప్పుకోవాలి. అప్పుడే గీత.

వారం తిరగకుండా కుగదాసన్‌కు ఆ వూరి తత్వం బోధపడింది. ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నవాళ్ళు వచ్చీ రాగానే హద్దు వేలు పెట్టి చూపిస్తున్నారు. బోడి నేల మీద నిలబడి, "నీ తాత మా వైపు జరిపిన మూర ఇదిగో ఇదీ," అని మళ్ళీ మొదలుపెడుతున్నారు. అతనికి కావలసిందీ అదే. ఒకరినొకరు తిట్టుకుంటుంటే మధ్యలో మేకు దిగ్గొట్టి, గీత గీసుకుని వెళ్ళిపోయేవాడు.

"దెబ్బలాడుకున్నవాళ్ళ హద్దులు పొద్దున్నే తేలిపోతున్నాయక్కా," అన్నాడు మలర్‌తో, ఆమె ఇచ్చిన టీ తాగుతూ. "ప్రేమగా బతికినవాళ్ళతోనే నా ప్రాణం పోతోంది. ఎక్కడమ్మా మీ దడి అంటే, మాకూ వాళ్ళకూ తేడా ఏముంది బాబూ అంటారు. ఆ మాటను పటంలో ఎలా పెట్టను?"

"మేమూ ఆ బాపతే తంబీ," అంది మలర్, తమ్ముణ్ణి పిలిచినట్టు.

"అయితే మీరూ నన్ను చంపుతారన్నమాట."

కానీ మలర్‌కి ఒక గుర్తు దొరికింది. తారు రోడ్డుకు పడమరగా, పొదల మధ్య, ముళ్ళమురుక్కు చెట్టు ఒక్కటే నిలబడి ఉంది. మాసి నెల కదా, ఒక్క ఆకు లేకుండా కొమ్మకొమ్మకూ ఎర్రటి పూలు. ఆ దరిదాపుల్లో అలాంటిది మరొకటి లేదు. దాన్ని చూడగానే ఆమె పొదలు తోసుకుంటూ నడిచింది. దగ్గరికి వెళ్ళి, ముళ్ళున్నాయని కూడా చూడకుండా కాండాన్ని పట్టుకుంది. తన పెళ్ళిరాట. చిగిరించింది. చెట్టయింది. పెళ్ళి జరగకపోయినా, ఎవరూ నీళ్ళు పోయకపోయినా, ఇన్నేళ్ళూ పూస్తూనే ఉంది.

"తంబీ, ఇది నా రాట," అంది. "మా పూవరసడికి ఈశాన్య మూల ఇదే."

ఆ వూళ్ళో ప్రతి నేలకూ బిడ్డకు పెట్టినట్టు ఒక పేరుంటుంది. మలర్ వాళ్ళది పూవరసడి, మామి వాళ్ళది కల్లడి. కుగదాసన్ యంత్రంలోంచి అటూ ఇటూ చూసి లెక్క కట్టాడు. చెట్టు మలర్‌దే అయితే, దాని పడమర నుంచి ముళ్ళతీగ దాకా ఉన్న నేలంతా ఆమెది. ఇల్లు వస్తుంది. కల్లడి చెట్టుకు తూర్పున పడుతుంది. అందులో చాలా భాగం తారు రోడ్డు కిందికి పోతుంది, ఇక మామికి ఇల్లు రాదు.

"రాట రెండిళ్ళలోనూ నాటుతారు కదక్కా," అన్నాడు అతను. "ఇది వాళ్ళది కాదని నమ్మకమేనా? ఇది వాళ్ళ ఈశాన్య మూల అయితే మొత్తం ఒక గడి పడమరకు జరుగుతుంది. అప్పుడీ నేల వాళ్ళది. మీది ముళ్ళతీగ అవతలికి పోతుంది. అది ఎప్పుడు వదులుతారో దేవుడికే తెలియాలి."

"నా రాట నేను గుర్తుపట్టనా?"

"సరే. ఆ మామిని కూడా తీసుకురండి. ఆవిడ కూడా ఒప్పుకుంటే గీసేస్తాను. ఉత్తరం వైపు వాళ్ళు కెనడాలో ఉన్నారు, దక్షిణం వైపు వాళ్ళలో ఎవరూ మిగల్లేదు. మీకు మీరిద్దరే సాక్షులు."

మర్నాడు మలర్ పార తీసుకుని ఒంటరిగా వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందంటే, ముచ్చట తీరక. చెట్టు తనదైతే పక్కనే దడి, దడి మీద నుయ్యి, నూతి పక్కన కంత. బుల్‌డోజర్ నుయ్యి పూడ్చేసి ఉంటుంది. పూడ్చిన మట్టి మెత్తగా, వేరే రంగులో ఉంటుంది కదా. అది కనపడితే, కంత ఎక్కడుండేదో తెలుస్తుంది. అక్కడ కాసేపు కూర్చోవాలని ఆమె ఆశ. ఇల్లు తర్వాత సంగతి.

తవ్వింది. జానెడు ఎర్రమట్టి తీసేసరికి పార ఖణేల్మంది. రాయి. పక్కన తవ్వింది. రాయే. ఇంకొంచెం అవతల తవ్వింది. ఏనాడూ ఎవరూ పగలగొట్టని తెల్లటి సున్నపురాయి, ఒకే పలక. అక్కడ నుయ్యి లేదు. ఎన్నడూ లేదు.

మలర్ పార వదిలేసి చెట్టు మొదట్లో కూలబడింది. ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది తన రాట కాదు. శివపాతం రాట. తన నేల అవతల, తీగ లోపల ఎక్కడో ఉంది.

తీసిన మట్టిని మళ్ళీ తోసి, కాలితో అణిచి, శిబిరానికి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని తెలుసు. కానీ రేకుల కింద అంతకాలం ఉడికిన మనిషి, ఒక్క గది, ఒక్క గుమ్మం, తన పేరు మీద కావాలనుకుంటే అదేమంత పెద్ద పాపం? మామికి కూతురుంది, అల్లుడున్నాడు, డాబా ఇల్లుంది. తనకెవరున్నారు? ఇలా రెండు మూడు రోజులు తనతో తనే వాదించుకుంది. వాదించిన ప్రతిసారీ తనే గెలిచింది, అయినా కంచం తోసేసి లేచింది.

చెట్టు సంగతి కబురంది, ఆ ఆదివారం వవునియా నుంచి మామి వచ్చింది. ఆటోలోంచి మలర్ చెయ్యి పట్టుకుని దిగింది. ఎండుపుల్లలా ఉంది. కానీ నోరు మాత్రం అలాగే ఉంది.

"ఏమే, ఇంత చిక్కిపోయావు? శిబిరంలో నీకు తిండి పెట్టడం మానేశారా, నువ్వే తినడం మానేశావా?"

"మీరేదో పుష్టిగా ఉన్నట్టు."

"నేను ముసలిదాన్నే. నాకు చిక్కిపోయే హక్కుంది. ఆ చెట్టు పూసిందా?"

"కొమ్మకొమ్మకూ పూసింది మామీ."

మామి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. పొదల మధ్య కొట్టిన బాటలో మెల్లగా నడిచింది. చెట్టు దగ్గరకు రాగానే చెప్పులు విడిచేసింది. వట్టి కాళ్ళతో చుట్టూ ఒకసారి తిరిగింది, కాలి వేళ్ళతో నేలను తడుముతూ. తర్వాత కాండం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి చాలాసేపు తీయలేదు. పసిపిల్లవాడి వీపు నిమిరినట్టు, ముళ్ళను తప్పించుకుంటూ, కింది నుంచి పైకి నిమిరింది.

అక్కడే యంత్రం దగ్గర నిలబడి ఉన్న కుగదాసన్, అవ్వను పిలిచినట్టు పిలిచాడు. "పాట్టీ, ఈ రాట ఎవరిదో మీరు చెప్పాలి."

"మలర్‌ది," అంది మామి వెంటనే. "మలర్ రాటే ఇది. గీసుకో."

"నిజమేనా? మీ నేల రోడ్డు కిందికి పోతుంది మరి."

"పోనీ. ఇప్పుడు నేను పొగాకు నాటాలా ఏమన్నానా? గీయవయ్యా, ఎండలో నిలబెట్టి మాట్లాడిస్తావు."

అతను సంచీలోంచి కాగితాలు తీస్తున్నాడు. మామి మలర్ వైపు తిరిగి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది, "నుయ్యి ఎక్కడే?"

 మామికి తెలుసు. చెట్టు ముట్టుకోకముందే, మలర్ తవ్వి పూడ్చిన వదులు మట్టిలో కాలు దిగి అడుగున రాయి తగిలినప్పుడే తెలిసింది. తెలిసి కూడా మలర్‌ది అంది. నేల పోతుందని కాదు మలర్‌కి నొప్పి కలిగింది. రాట చిగిరించిందంటే ఆ మనిషికి ఆయుష్షుందని నమ్మే తల్లి ఆమె. కొడుకు రాట పూసి కళ్ళ ముందు నిలబడితే, దాన్ని పట్టుకుని మరీ, ఇది మావాడిది కాదు అని చెప్పింది. ఎవరి కోసం? ఒక గది కోసం నోరు మూసుకున్న తన కోసం.

"తంబీ, ఆగు," అంది మలర్. "అది నా రాట కాదు. మొన్న తవ్వి చూశాను. ఇక్కడ నుయ్యి లేదు. మా ఈశాన్యం పక్కనే నుయ్యి ఉండాలి. ఇది వాళ్ళ రాట. ఆయన రాట."

"నోరు ముయ్యవే," అంది మామి. "నీకు నిలవ నీడ వద్దా?"

"ఆయన రాటను నా పేరున రాయించుకుని, దాని కింద నిద్రపోగలనా మామీ? ఇది పూసింది. ఆయనదని చెప్పండి. మీ నోటితో మీరు చెప్పండి."

 ఇంతకాలం కొడుకు గురించి పొడిగా మాట్లాడిన మనిషి, చెట్టును రెండు చేతులా పట్టుకుని, గట్టిగా ఏడ్చింది. "వాడిదే," అంది. "ఇక్కడంతా రాయే కదా, గునపం దిగలేదు. పెళ్ళికొడుకు గుంత తవ్వకూడదురా అంటే విన్నాడా? మీకెవరికీ చేతకాదు ఇలా ఇవ్వండని లాక్కుని తనే పగలగొట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఆ చేతులతోనే తెల్లారి ఆవుకు గడ్డి కోశాడు."

మలర్‌కి ఆ సంగతి తెలియదు. రాట నాటిన దగ్గర్నుంచీ అతన్ని చూడనేలేదు, ఆ సాయంత్రమే కంత కుట్టేశారు. దడి అవతల కుట్టు తడిమిన వేళ్ళకు బొబ్బలున్నాయన్నమాట.

కుగదాసన్ కాసేపు అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. తిరిగొచ్చి కొలతలు మళ్ళీ మొదలుపెట్టాడు. చెట్టు నుంచి పడమరకు, మామి చెప్పిన కల్లడి వెడల్పు కొలిస్తే, గీత సరిగ్గా ముళ్ళతీగ మీదికి వెళ్ళి ఆగింది. సైన్యం వాళ్ళు అప్పట్లో తీగ వేసేటప్పుడు నిలబడి ఉన్న దడినే ఆనవాలుగా పట్టుకున్నారేమో.

"అక్కడ తీగ ఎందుకో ఇటు పొట్ట పెట్టింది," అన్నాడు. "వంపు ఎందుకొచ్చిందో నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు. పొదలు అడ్డం."

తర్వాత ఇబ్బందిగా మలర్ వైపు చూశాడు. "అక్కా, నిజం చెప్పారు. బాగానే ఉంది. కానీ ఇల్లు పాట్టీకి వస్తుంది. మీకు రాదు. నేల గలవాళ్ళకో, వాళ్ళింటి మనుషులకో తప్ప ఇవ్వరు."

"అయితే రాసుకో," అంది మామి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇది మా ఇంటి మనిషే. నా కోడలు."

అతని చూపు మలర్ బోసి మెడ మీదికి వెళ్ళి, వెంటనే పక్కకు తప్పుకుంది. "తాళి..."

"బంగారం కరిగించాం. రాట నాటాం. ఇదిగో, ఆ రాట నీ నెత్తి మీద పూలు రాలుస్తోంది. ఇంకేం సాక్ష్యం కావాలయ్యా నీకు? తాళి కట్టాల్సినవాడు ఆవు దగ్గర ఆగిపోయాడు. అది దీని తప్పా? ఇన్నేళ్ళ నుంచీ నన్ను మామీ అంటోంది. ఇంక నువ్వొచ్చి కాదంటావా?"

కుగదాసన్ తల వంచుకుని రాశాడు. ఆ కాగితం ఎన్ని ఆఫీసుల్లో ఎంతమందికి సమాధానం చెప్పుకుంటుందో అతనికి తెలుసు. అయినా రాశాడు.

"మా వూళ్ళో పెళ్ళికొడుకే పెళ్ళికూతురింటికి కాపురానికి వెళతాడు," అంది మామి, మలర్ భుజం మీద బరువు వేస్తూ. "నీకు అన్నీ తిరగబడ్డాయే పిల్లా."

మలర్ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు.

పటం తయారై వచ్చిన రోజు కుగదాసన్ దాన్ని బండ మీద పరిచి చూపించాడు. ఊరంతా గీతలే. ఎవరి గడి వాళ్ళది. మలర్ వంగి వెతుక్కుని, కల్లడికి, పూవరసడికి మధ్యనున్న గీత మీద వేలు పెట్టింది.

"తంబీ, ఇక్కడ కొంచెం మేర గీత చెరిపెయ్యవూ? ఇక్కడ కంత ఉండేది."

"కుదరదక్కా. గీత మూసుకోకపోతే కంప్యూటర్ అది నేలే కాదంటుంది."

"దానికి దడి గురించి ఏం తెలుసులే," అంది మలర్.

ఆ వారంలోనే మందుపాతరలు ఏరేవాళ్ళు తీగ దాకా పొదలు కొట్టేసి, భయం లేదని తెల్లజెండాలు పాతారు. సాయంకాలం మలర్ ఒక్కతే అటు నడిచింది. చెట్టు దాటి, మామి వాళ్ళ ఇల్లుండిన చోటు దాటి, పశువుల పాక ఉండిన చోటు దాటి, పడమరకు. ముళ్ళతీగ ఇటు పొట్ట పెట్టిన చోట ఆగింది.

తీగ అవతల నుయ్యి ఉంది. పూడ్చలేదు. ఎవరో కొత్తగా సిమెంటు గోడ కట్టారు, ఏతం మార్చారు. నుయ్యి లోపలికి కలుపుకోవడానికే తీగను ఇటు వంచారన్నమాట. ఒక జవాను నీళ్ళు తోడి పోసుకుంటున్నాడు. ఆడమనిషిని చూసి, తువ్వాలు భుజాన వేసుకుని మర్యాదగా వెళ్ళిపోయాడు. చేద ఇంకా ఊగుతోంది. నూతికి అవతల తన ఈశాన్య మూల. అక్కడ చెట్టేదీ లేదు. తన రాట చిగిరించలేదు. మలర్ దాన్ని చూసి పెద్దగా బాధపడలేదు. రెండింటిలో ఒకటే బతకాలని రాసుంటే, బతకాల్సిందే బతికింది.

అప్పుడు తట్టింది ఆమెకు. తను ఎన్నడూ దడికి ఈ వైపు నిలబడలేదు. కాదు, వేల సార్లు దూరి వెళ్ళింది, కానీ విమానాలొచ్చిన రోజు నిలబడింది అవతల. ఆ రోజు ఇక్కడ నిలబడి, కంత తీయనా అని అడిగింది అతను. ఇదే చోటు. ఇటు నుంచి చూస్తే నుయ్యి, నూతి పక్కన బిందెతో తను, తల తిప్పుకున్న తన జడ. దడి సందుల్లోంచి అతనికి అంతే కనపడి ఉంటుంది.

మలర్ వంగింది. అతను వంగినట్టే. ముళ్ళ మధ్య తీగను వేళ్ళతో పట్టుకుని, తన వాకిట్లోకి కళ్ళారా చూసింది. అక్కడెవరూ లేరు.

"తీయండి," అంది.